చూడని లిఫ్టులు, ఓర్వలేని మనిషి

బోర్డు దాకా నా ఇంజనీరింగు

జెద్దాలో పనిచేసినన్నాళ్లూ మక్కా హోటళ్ల లిఫ్టుల బాధ్యత నాది. వాటిలో ఒక్కదాన్ని కూడా నేను కళ్లతో చూడలేదు. నేను హిందువుని. మక్కా వెళ్లే రోడ్డు మీద ఒకచోట పెద్ద బోర్డు ఉంటుంది, ముస్లిములు ఇటు, తక్కినవాళ్లు అటు అని. నా ఇంజనీరింగు ఆ బోర్డు దాకానే. అవతల ఏ హోటల్లో ఏ లిఫ్టు ఎందుకు ఆగిందో కనిపెట్టాల్సింది మాత్రం నేనే, ఫోన్లో.

ఈ మధ్య మా విశాఖ పాలిటెక్నిక్ కుర్రాళ్లు కొందరు గల్ఫు లిఫ్టు కంపెనీల్లో చేరబోతూ నా దగ్గరికి వచ్చి, పని ఎలా ఉంటుందో చెప్పమన్నారు. జీతం, టిక్కెట్టు, సెలవుల సంగతి ఏజెంటు చెబుతాడు. నేను అమీన్ గురించి చెబుతాను. ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్నదంతా అతన్ని చూసి, కాదు, చూడకుండానే, కుళ్లుకుంటూ నేర్చుకున్నది. మంచితనంతో నేర్చుకున్నానని చెబితే మీరు నమ్మినా నేను నమ్మను.

అమీన్ మక్కాలో మా టెక్నీషియను. పుట్టింది కూడా మక్కాలోనే. తల్లిదండ్రులు బర్మాలోని అరకాన్ నుంచి పారిపోయి వచ్చిన రోహింగ్యాలు. అక్కడి జనం వాళ్లను బర్మావీలంటారు. అతనికి ఏ దేశపు పాస్‌పోర్టూ లేదు. పాస్‌పోర్టు లేకపోతే ఇకామా, అంటే అక్కడ ఉండడానికీ పనిచేయడానికీ ఇచ్చే కార్డు, ఉండదు. ఇకామా లేనివాడు ఆ దేశంలో ఉన్నా లేనట్టే. కంపెనీ లెక్కల్లో అమీన్ పేరు లేదు, ఎవరో చిన్న కాంట్రాక్టరు కింద పనిచేస్తున్నట్టు సర్దేశారు. మక్కాలో తిరిగినంతసేపూ ఎలాగో గడిచిపోయేది. ఊరు దాటి బయటికి వస్తే తిరిగి వెళ్లేటప్పుడు చెక్‌పోస్టులో కార్డు అడుగుతారు. లేదంటే తర్హీల్‌కి, అంటే దేశం నుంచి పంపించేసేవాళ్లను ఉంచే చోటికి తీసుకుపోతారు. అక్కడి నుంచి తనను ఏ దేశానికి పంపుతారో అతనికే తెలియదు.

నేను లోపలికి వెళ్లలేను, అతను బయటికి రాలేడు. ఏళ్ల తరబడి మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూడకుండా పనిచేశాం. ప్యానెల్ ఫొటోలు పంపేవాడు, తన ఫొటో ఎన్నడూ పంపలేదు. కాగితాలు లేనివాడు ముఖం ఎందుకు పంపుతాడు? నేనూ అడగలేదు.

‘బాగుందా’ అని అడగకండి

ఫోన్లో పని చేయించేవాళ్లు మొదట నేర్చుకోవలసింది ఇది. అవతలివాణ్ణి ‘బాగుందా’ అని అడిగితే ‘బాగుంది’ అంటాడు. మర్యాదకి అంటాడు, భయానికి అంటాడు, తొందరగా ఇంటికి పోదామని అంటాడు. ఏం కనపడుతోంది, ఏం చప్పుడొస్తోంది, చెయ్యి పెడితే ఎంత వేడిగా ఉంది, ఇవి అడగాలి. నేనూ అమీనూ ఉర్దూలో మాట్లాడుకునేవాళ్లం, మధ్యలో అరబ్బీ దొర్లేది. అతను నన్ను రావ్ భాయ్ అనేవాడు.

ఒక హోటల్లో ఒక లిఫ్టు రోజూ పొద్దున ఒకే వేళకు ఆగిపోయేది. కాసేపటికి దానంతటదే నడిచేది. కార్డులు మార్చాం, సెన్సర్లు మార్చాం, అది ఆగడం మానలేదు. మా ముదీర్, అంటే మేనేజరు, ఈజిప్టువాడు, నా బల్ల ముందు నిలబడి అరిచేవాడు. చివరికి నేను లిఫ్టు గురించి అడగడం మానేసి హోటల్ గురించి అడిగాను.

“ఆ వేళకి అక్కడ ఎవరు ఏం చేస్తుంటారు అమీన్?”

“నాలుగో అంతస్తులో నేల కడుగుతారు భాయ్.”

“నీళ్లు ఎటు తోస్తారు?”

“లిఫ్టు వైపే” అన్నాడు.

తలుపు గడప సందులోంచి నీళ్లు లోపలికి కారి తలుపు మూసుకుందని లిఫ్టుకి చెప్పే తాళం కాంటాక్టు మీద పడుతున్నాయి. అది ఆరగానే లిఫ్టు నడుస్తోంది. రోగం పట్టుకున్నది నేను, జెద్దాలో కుర్చీలో కూర్చుని. గుడ్డతో తుడిచి అడ్డంగా రేకు బిగించింది అమీన్. హోటల్ యజమాని, ముసలి షేకు, అమీన్ నుదుటి మీద ముద్దు పెట్టుకుని ఇంటిల్లిపాదినీ ఇఫ్తారుకు పిలిచాడట. నా గురించి చెప్పలేదా అని అడిగాను. చెప్పాడట, జెద్దాలో ఒక ఇండియా ఇంజనీరు ఉన్నాడని. షేకు ‘మాషాల్లా’ అని మళ్లీ అమీన్ నుదుటి మీదే ముద్దు పెట్టాడట.

మన లారీల వెనకాల ‘నన్ను చూసి ఏడవకురా’ అని రాస్తారు. అమీన్‌కి లారీ ఉంటే ఆ మాట నాకోసమే రాయించేవాడు. నేను ఆ వారమంతా అతనితో పొడిపొడిగా మాట్లాడాను.

ఫోన్లో వినపడే ఇల్లు

అసలు మంట షేకు ముద్దు వల్ల వచ్చింది కాదు. సాయంత్రం పని చెప్పడానికి ఫోన్ చేస్తే అతని ఇల్లు వినపడేది. వాళ్లావిడ ఏదో అడుగుతుంటుంది, పిల్లలు కొట్టుకుంటుంటారు, గిన్నె మూత పడుతుంది, తల్లి దగ్గుతుంది. “ఒక్క నిమిషం భాయ్, చిన్నది మీదెక్కింది” అనేవాడు. నేను కంపెనీ గదిలో, పప్పు కుక్కరు ముందు కూర్చుని ఆ నిమిషమంతా వినేవాణ్ణి. నా పెళ్లాం పిల్లలు విశాఖలో. సెలవుకి వెళ్లినప్పుడు నా చిన్నకూతురు నన్ను చూసి తల్లి చీర కొంగు పట్టుకుంది. నాకు పాస్‌పోర్టుంది, దేశముంది, ఓటుంది. దేశమే లేనివాడి చంకలో పిల్ల ఉంది.

సామాన్లు మక్కా చేరవేసేది మస్తాన్ వలీ అనే డ్రైవరు, కడపవాడు. వెళ్లొచ్చినప్పుడల్లా నా గుండెల్లో నిప్పులు పోసేవాడు.

“ఏం సార్, ఆ అమీన్‌వాళ్లమ్మ నన్ను ఊరికే పంపీలేదు. కూచోబెట్టి అన్నం పెట్టింది. చేపల కూర సార్, మనింట్లో వండినట్టే ఉండాది.”

“ఇల్లెలా ఉంది?”

“కొండ మింద ఉండాది. రెండు గదులు, పదిమంది. నీళ్లు కిందినుంచి మోసుకోవల్ల. అయినా యాడ సూసినా మనుషులే సార్, నవ్వుకుంటా ఉంటారు.”

మొదటి సగం నా చెవిలో పడలేదు. దూరపు కొండలు నునుపు అంటారు. నాకు ఆ కొండ ఎక్కే అనుమతి కూడా లేదు, కాబట్టి అది ఎప్పటికీ నునుపుగానే ఉండిపోయింది.

అక్కచెల్లెళ్ల సంగతికొస్తే అమీన్‌కి ఒక అక్క, జైనబ్. జెద్దాలో ఇచ్చారు. ఆమెకూ కార్డు లేదు. మక్కాకీ జెద్దాకీ గంట దారి. పెళ్లైనప్పటి నుంచీ తల్లి ఆ కూతుర్ని చూడలేదు. “అమ్మ రోజూ అడుగుతుంది భాయ్, కార్డెప్పుడొస్తుందని. ఇంకేమీ అడగదు” అనేవాడు. బర్మావీలకు ప్రభుత్వం ప్రత్యేక కార్డులు ఇచ్చిన రోజుల్లో వేలమందికి వచ్చాయి, వీళ్లకు రాలేదు. పారిపోయి వచ్చేటప్పుడు తండ్రి ఎక్కడో కొన్న దొంగ బంగ్లాదేశ్ పాస్‌పోర్టు రికార్డుల్లో వీళ్ల పేర్లకు తగులుకుని, వీళ్లు బర్మావాళ్లా బంగ్లావాళ్లా అని ఫైలు ఆగింది. గంట దారికే ఇంత బాధా, నాకు సముద్రం అడ్డం కదా అనుకునేవాణ్ణి. గంట దూరంలో ఉండీ వెళ్లలేకపోవడం ఎక్కువ కష్టమని అప్పుడు తోచలేదు.

ఉండిపోయినవాళ్ల అదృష్టం

ఈ కుళ్లు నాకు కొత్తగా వచ్చింది కాదు, మా ఇంటి ఆస్తి. మా తాత రంగూన్ రేవులో కళాసీ. తెల్లవాళ్ల కాలంలో విశాఖ నుంచీ కాకినాడ నుంచీ ఓడల నిండా మనవాళ్లు బర్మా వెళ్లేవారు. తర్వాత అక్కడ సైన్యం రాజ్యమొచ్చింది. మీరు తెల్లవాళ్లతో వచ్చారు, వాళ్లలాగే పొండి అని ఉన్నదంతా లాక్కుని ఓడెక్కించారు. నేను విశాఖ బర్మా క్యాంపులో పుట్టాను. బళ్లో మమ్మల్ని బర్మావోళ్లు అనేవారు.

మా మామ్మకు అరకాన్ పేరు తెలుసు. అది బర్మాకు పడమట, కొండలకు ఇవతల, మన బంగాళాఖాతం ఒడ్డున ఉన్న నేల. ఒకప్పుడు దానికి వేరే రాజులుండేవారు. ఆ రాజుల కొలువుల్లోనే ముస్లిములున్నారు. నాఫ్ నది అవతల చిట్టగాంగు, ఇప్పటి బంగ్లాదేశ్. తెల్లవాళ్లు వచ్చాక వరిపొలాల కోసం నది అవతలి నుంచి ఇంకా కూలీలను తెచ్చారు. దాంతో తరతరాలుగా ఉన్నవాళ్లూ నిన్న వచ్చినవాళ్లూ చూసేవాళ్లకు ఒకటే అయిపోయారు. జపాను యుద్ధంలో తెల్లవాళ్లు ముస్లిములకు తుపాకులిచ్చారు, అక్కడి బౌద్ధులు జపాను పక్షం చేరారు. ఇరుగుపొరుగు ఊళ్లు ఒకదాన్నొకటి తగలబెట్టుకున్నాయి. యుద్ధం ఆగినా ఆ పగ ఆగలేదు.

అయినా స్వతంత్రం వచ్చాక కొన్నాళ్లు వాళ్లు ఓట్లు వేశారు, చట్టసభలో కూర్చున్నారు. రంగూన్ రేడియోలో వాళ్ల భాష వినపడిందట. సరిగ్గా ఆ రోజులవే మమ్మల్ని పంపేసిన రోజులు. క్యాంపులో మా మామ్మ పంపు దగ్గర కూర్చుని ఏడ్చేది. “ఆ అరకాను సాయిబుల్ని ఉంచీసినారు. మనల్ని ఓడెక్కించీసినారు. ఆళ్లదే అదృష్టమే ఒలే!” క్యాంపులో చాలామంది ఏడుపు అదే.

ఆ అదృష్టం ఏమైందో తర్వాత అమీన్ చెప్పాడు. సైన్యం కాగితాల తనిఖీ అని ఊళ్ల మీద పడింది. వాళ్లమ్మ అప్పుడు చిన్నపిల్ల, ఇంట్లోవాళ్లతో నది దాటింది. అవతల శిబిరంలో తిండి తగ్గించి, తిరిగి వెళ్లమన్నారు. వెళ్లారు. ఆ తర్వాత కొత్త చట్టం చేశారు. తెల్లవాళ్లు రాకముందు నుంచీ ఉన్న జాతులకే పుట్టుకతో పౌరసత్వం అన్నారు. ఆ జాతుల్లో రోహింగ్యా పేరు లేదు. పక్క ఊరికి పోవాలంటే అనుమతి, పెళ్లికి అనుమతి. మాకు చెప్పిన మాటే వాళ్లకూ చెప్పారు, మీరు తెల్లవాళ్లతో వచ్చారని. మా విషయంలో అది నిజం, పోవడానికి మాకో ఊరుంది. వాళ్ల విషయంలో నిజమో కాదో ఎవరూ ఆగి అడగలేదు. అడిగినా వాళ్లు పోవడానికి చోటు లేదు.

ఇదంతా విన్నాక నా కుళ్లు పోయిందా? పోలేదు. కాస్త సిగ్గు కలిసింది, అంతే.

కాదనడానికి ఏం కావాలి

రంజాన్ నెలలో ఒక హోటల్లో తలుపు తాళం కాంటాక్టు చెడిపోయింది. కొత్తది కస్టమ్స్‌లో ఇరుక్కుంది. తాళం సర్క్యూటుకి చిన్న వైరు ముక్క అడ్డం వేసి లిఫ్టు నడపమన్నాడు ముదీర్. జంపరు అంటాం. అది వేస్తే తలుపు తెరిచి ఉన్నా లిఫ్టు కదులుతుంది. ముసలివాళ్లూ పిల్లలూ కిక్కిరిసి ఎక్కే లిఫ్టది. మీలో ఎవరైనా ఎప్పుడైనా జంపరు వేసి లిఫ్టు జనానికి వదిలితే, ఆ రోజే ఈ వృత్తి మానేయండి.

అమీన్ నాకు గొంతు తగ్గించి ఫోన్ చేశాడు. “భాయ్, నేను కాదంటే ఆయన ఒక్క ఫోన్ చేస్తే చాలు, నేను తర్హీల్‌లో ఉంటాను. మీరు కాదనండి.”

నేను ముదీర్ గదికి వెళ్లి చెప్పాను, “ఆ వైరు వేసేట్టయితే నాకు ఎగ్జిట్ రాసెయ్యండి.”

“ఇంత చిన్నదానికి ఇంటికి పోతావా?”

“పోతాను.”

ఆయన చాలాసేపు అరిచి, “ఖలాస్, ఆపేయండి లిఫ్టు” అన్నాడు. అది నా ధైర్యమని మా గదిలోవాళ్లు మెచ్చుకున్నారు. ధైర్యమేం కాదు. పొమ్మంటే పోవడానికి నాకో ఊరుంది. తాళం గురించి అమీన్‌కి నాకంటే తక్కువ తెలిసి కాదు, కాదనే వీలు అతనికి లేదు. కాగితాలు లేనివాణ్ణి పనిలో పెట్టుకుంటే చవగ్గా వస్తాడని యజమానులు లెక్క వేస్తారు. అలాంటివాడు దేనికీ కాదనలేడు కాబట్టి యంత్రం కూడా ప్రమాదంలో పడుతుంది. ఈ రెండో సంగతి ఏ బడిలోనూ చెప్పరు.

మర్నాడు అమీన్ తల్లి మస్తాన్ చేత నాకు చేపల కూర పంపింది. కడపవాడు చెప్పింది నిజమే, బాగుంది. రోజూ ఇది తినేవాడు అమీన్ కదా అనుకుంటూ తిన్నాను.

ఏడుపులో కూడా

ఆ ఏడు అరకాన్‌లో ఊళ్లు తగలబడ్డాయి. లక్షల మంది నాఫ్ నది దాటారు, మీరూ టీవీలో చూసుంటారు. ఒక మధ్యాహ్నం అమీన్ లిఫ్టు పెట్టె పైన నిలబడి పని చేస్తున్నాడు, నేను చెవిలో చెబుతున్నాను. ఉన్నట్టుండి అతని మాట ఆగిపోయింది.

“అమీన్, ఏం కనపడుతోంది?”

“పిన్ని మెసేజి పెట్టింది భాయ్. ఊరు కాల్చేశారట. బాబాయి నది దగ్గరికి రాలేదట.”

అలాంటి కబురు విన్నవాడు లిఫ్టు పైన నిలబడకూడదు. “స్టాప్ నొక్కు. నొక్కావా? నొక్కినట్టు నాకు చెప్పు. రెండు చేతులతో పట్టుకో. ఇప్పుడు గడప మీదికి రా” అని ఒక్కొక్క మాటా చెబుతూ వచ్చాను. నేలమీద కాలు పెట్టాక ఏడ్చాడు. నేను ఫోన్ పెట్టలేదు.

సాయంత్రం మస్తాన్ చెప్పాడు, పేట పేటంతా వాళ్లింటి ముందు కూచుందని, ఆడవాళ్లు తల్లిని ఒళ్లో పడుకోబెట్టుకున్నారని. ఇక్కడ నేనొక మాట చెప్పాలి, మీరేమనుకున్నా సరే. మా నాన్న పోయిన కబురు నాకు జెద్దా గదిలో వచ్చింది. పక్క మంచం మలయాళీ ‘సారీ రావ్’ అని డ్యూటీకి వెళ్లిపోయాడు. ఎగ్జిట్ వీసా సకాలంలో పడలేదు. మంచం పట్టీ పట్టుకుని ఒక్కణ్ణే కూర్చున్నాను. ఆ రోజు అమీన్ ఇంటి ముందు కూర్చున్న జనాన్ని తలుచుకుని నేను కుళ్లుకున్నాను. ఊరు తగలబడినవాడి ఏడుపు చూసి కుళ్లుకున్నవాణ్ణి నేను. పక్కనే మనుషులు లేకుండా ఏళ్లు గడిపితే మనిషి ఇలా తయారవుతాడు, గల్ఫు వెళ్లేముందు ఇది కూడా తెలుసుకుని వెళ్లండి.

చాప మీద

నాకు ఎగ్జిట్ ఖాయమైన నెలలోనే అమీన్ ఫోన్ చేశాడు. మాట తడబడుతోంది. “భాయ్, కార్డులొచ్చాయి. అమ్మకీ, నాకూ, జైనబ్‌కీ.”

శుక్రవారం వాళ్లు జెద్దా వచ్చారు. ముందు జైనబ్ ఇంటికి వెళ్లి, సాయంత్రం అందరూ కలిసి సముద్రం ఒడ్డుకు వచ్చి నన్ను పిలిచారు. నా ఊహలో అమీన్ ఆరడుగులవాడు. ఎదురుగా వచ్చినవాడు నా భుజం దాకా లేడు, పైగా బట్టతల. నాకు లోపల కాస్త సంతోషం కలిగింది, దాచను. అంతలో అతని చిన్నకూతురు వచ్చి అతని మెడకు వేలాడింది, ఆ సంతోషమూ పోయింది.

చాప పరిచి టీ పోశారు. తల్లి నా ఈడుది, అయినా ఆపా, అంటే అక్కా అని పిలిచాను. జైనబ్ మణికట్టు పట్టుకుని కూర్చుంది, టీ తాగుతున్నప్పుడు కూడా వదల్లేదు. ఆవిడ తన భాషలో అడిగితే అమీన్ ఉర్దూలో చెప్పేవాడు.

“మీరూ బర్మా నుంచి వచ్చినవాళ్లేనట కదా?”

“మా తాతలు, ఆపా. రంగూన్.”

“మిమ్మల్నీ పొమ్మన్నారా?”

“ఓడెక్కించారు. మా ఊరి రేవులో దింపారు. అక్కడ పందిరి వేసి మజ్జిగ పోశారట. ఆ మజ్జిగ పుల్లగా ఉందని మా మామ్మ చచ్చిపోయేదాకా తిట్టింది.”

అమీన్ నవ్వాడు, జైనబ్ నవ్వింది. తల్లి నవ్వలేదు.

“మేం నది దాటితే అక్కడివాళ్లు, మీరు బర్మావాళ్లు, ఎందుకొచ్చారు అన్నారు. తిరిగి వెళ్తే బర్మాలోవాళ్లు, మీరు బంగ్లావాళ్లు, ఎందుకొచ్చారు అన్నారు. మజ్జిగ పోసినవాళ్లు మిమ్మల్ని ఏమన్నారు?”

నాకు ప్రశ్న అర్థం కాలేదు. “ఏమనడమేమిటి ఆపా?”

“మనుషులు దిగుతుంటే చూసి ఏదో అనుంటారు కదా. ఏమన్నారు?”

అప్పుడు గుర్తొచ్చింది. మామ్మ అది కూడా చెప్పేది, మజ్జిగను తిట్టడం అయ్యాక. ఒడ్డు మీద ఎవరో కేకేశారట, “మనోళ్లొచ్చీసినార్రా, నీళ్లు తోడండి” అని. ఉర్దూలో చెప్పాను. అమీన్ తల్లి వైపు తిరిగి మొదలుపెట్టి ఆగిపోయాడు. ఆవిడ అతని మోకాలు కదిపింది. అప్పుడు చెప్పాడు.

ఆవిడ టీ గ్లాసు చాప మీద పెట్టింది. తర్వాత మెల్లగా ఏదో అంది. అమీన్ తల దించుకున్నాడు.

“ఏమన్నారు?”

“వద్దులే భాయ్.”

“చెప్పు.”

“మక్కాలో ఉంటూ ఎవర్ని చూసీ కుళ్లుకోకూడదని ఇన్నేళ్లూ మనసు కట్టుకుందట. ఇవాళ మిమ్మల్ని చూస్తే కుళ్లు పుట్టిందట. అల్లా క్షమించాలి అంటోంది.”

కుళ్లు సంగతి నాకు తెలిసినంత ఎవరికీ తెలియదు. అది ఎప్పుడైనా తిరిగి నా మీదికే వస్తుందని మాత్రం అనుకోలేదు. ఆవిడ వైపు చూడలేక చాప అంచు చూస్తూ కూర్చున్నాను.

“నిజంగానే పుల్లగా ఉందట ఆపా, ఆ మజ్జిగ” అన్నాను, ఇంకేం అనాలో తెలియక.